సముద్రం మలుపు దగ్గర ఆగిపోయే కారు

ఆ రోజుల్లో నాకు సముద్రమంటే ఒక కంప్యూటర్ ఆట డబ్బా మీద అచ్చేసిన నీలిరంగు బొమ్మ. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి, హుజూరాబాద్‌లో మా ఇంటి మధ్యగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని కలలు కంటూ ఉండేవాణ్ణి. నిజానికి ఆ కంప్యూటర్ నాది కాదు. దుబాయిలో ఉన్న బావ శుక్రవారం శుక్రవారం అక్కనూ చంటిదాన్నీ కెమెరాలో చూసుకోవడానికి కొనిచ్చింది. సముద్రం ఒడ్డున కారు నడిపే ఆ ఆటేమో మెమొరీ చాలక తెరుచుకోనే లేదు. "బావా, మెమొరీ సాల్తలేదు, నీ ముఖం సగమే కనవడ్తుంది" అని ఒక మాట వేశాను. (ముఖం నిండుగానే కనబడేది, మీసాలతో సహా.) పాపం, ఊరికి వచ్చేవాళ్ల చేత మెమొరీ ముక్క పంపించాడు.

పాతదాని పక్కన కొత్తది బిగించగానే ఆట తెరుచుకుంది. ఎర్రకారు గాలిలో తేలినట్టు కొండ దిగి, కొబ్బరిచెట్లు దాటింది. మలుపు తిరిగి సముద్రం కనబడేసరికి తెర గడ్డకట్టి, కంప్యూటర్ టప్పున ఆగిపోయింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. ఆ గడ్డకట్టిన ఒక్క క్షణం మాత్రం అలల వైపు నోరు తెరుచుకుని చూసేవాణ్ణి.

సరిగ్గా ఆ వారమే చంటిది నడక మొదలుపెట్టింది. "తమ్మీ, శుక్రారం మీ బావ ముంగట పిల్ల నడువాలె. అప్పుడు గిట్ల బందైతే నీ వీపు పలుగుతది" అంది అక్క. "ఫికర్ జేయకు అక్కా. ఆట ఆగకుంట నడిస్తే బావ కాల్ గూడ ఆగది. గందుకే పరీక్ష జేస్తున్న" అన్నాను. (నాలుగు రోజులు, అన్నం దగ్గర తప్ప లేవకుండా పరీక్షించాను.) మెమొరీ ముక్క పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. దాన్ని ఇంకో గాడిలో బిగించాను. అక్క ఉప్పూ మిరపకాయలూ తెచ్చి పెట్టెకు దిష్టి తీసింది. కారు మాత్రం మలుపు దాటలేదు.

గురువారం రిపేరు దుకాణం చాచా దగ్గరికి పరుగెత్తాను. "పరేషాన్ గాకు బేటా. రెండూ తీసి ఒక్కొక్కటే పెట్టి సూడు. ఏది పెడితే బందైతదో గదే దొంగ" అన్నాడు. పాతది ఒక్కటే పెడితే కంప్యూటర్ బుద్ధిగా నడిచింది, ఆట తెరుచుకోలేదు. కొత్తది ఒక్కటే పెడితే ఆట తెరుచుకుని, మలుపులో టప్పుమంది. దొంగ బావ పంపిందే! ఒక చేతిలో సముద్రం, ఒక చేతిలో అక్క. కాసేపు ఆలోచించాను. (సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాసేపే.) చివరికి పాతదే బిగించాను.

శుక్రవారం చంటిది నాలుగడుగులు వేసి, ఐదో అడుగుకు కెమెరా మీదే పడింది. అవతల బావ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"నేను పంపినదాంతోని ఎంత మంచిగ కనవడ్తుందిరా బామ్మర్దీ! ఎవలు పెట్టిండ్రు?"

"నీది పాడైంది బావా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "నేనే బావా" అన్నాను.

"ఇంజినీరువురా నువ్వు!"

ఆ తర్వాత నన్నెవరూ ఆ మాట అనలేదు, అనేంత పని నేనూ చేయలేదు. కానీ ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి, పక్కపాపిడి తీసి, ఇంజినీరులా తల దువ్వుకున్న ఆ పిల్లగాణ్ణి తలచుకుంటే, ఇప్పటికీ వాడికి నిజం చెప్పబుద్ధి కాదు.