సగం మూత మందు

బగ్దాద్‌లో శుక్రవారం జంతువుల బజారుకి వెళ్లేవాళ్లలో నదీమా టీచరమ్మని ఎరగనివాళ్లు లేరు. నిజానికి ఆవిడ టీచరు కాదు. ఆడపిల్లల బడిలో సైన్సు గది చూసుకునేది. రిటైరయ్యాక కూడా ఆ పిలుపు మిగిలిపోయింది. ఒంటరి మనిషి. పదకొండేళ్లుగా ఆవిడకి తోడున్నవి ఐదు లోచ్ చేపలు. నారింజ ఒంటి మీద మూడు నల్ల పట్టీలు, పొలుసులు ఉన్నాయా లేవా అన్నంత పల్చటి చర్మం. కరెంటు పోయి, వీధి జనరేటరు కూడా మొరాయించిన చలికాలాల్లో తను కప్పుకున్న దుప్పటి తీసి తొట్టికి చుట్టి, సైకిలు పంపుతో నీళ్లలోకి గాలి కొట్టిన మనిషి ఆవిడ.

ఆ ఐదింటినీ పొట్టన పెట్టుకున్నవాడు జాసిబ్. బజారులో అన్నిటికన్నా పెద్ద చేపల దుకాణం వాడిదే. తన చేపలకి జత కోసం ఆవిడ వాడి దగ్గర ఇంకో రెండు లోచ్‌లు కొంది. రోగమేమీ లేదు కదా అని అడిగితే పిల్లల మీద ఒట్టేశాడు. వారం తిరిగేసరికి తొట్టిలోని చేపలన్నిటికీ ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. ఆవిడ కంగారుగా ఆ చుక్కలకి వాడే పచ్చమందు తెచ్చి, సీసా మీద రాసినట్టే పది లీటర్లకి ఒక మూత చొప్పున పోసింది. మర్నాటికి ఒక్కటీ మిగల్లేదు.

ఆ చుక్కలు పురుగులు. చేప చర్మంలో దూరి, తిని, బలిసి, రాలిపోతాయి. తొట్టి అడుగున ఒక్కోటి వందలుగా పెరిగి మళ్లీ పైకి లేస్తాయి. మధ్యలో ఒకటి రెండు రోజులు చేప ఒళ్లు కడిగినట్టు ఉంటుంది. సరిగ్గా ఆ రోజు చూసి అమ్మాడు జాసిబ్. అమ్మి ఊరుకోలేదు. చాయ్ కొట్టు దగ్గర పదిమందిలో నవ్వాడు.

"సైన్సు టీచరమ్మట! పొద్దున్నే రాలిన చుక్కల్ని కనిపెట్టలేకపోయింది."

ఆ మాట ఆవిడ చెవిన పడింది. కడుపు మండిపోయింది. ఆ మంట చల్లారనివ్వకుండా రెండేళ్లు కాచుకుంది. బడి నుంచి పాత మైక్రోస్కోపు అడిగి తెచ్చుకుంది. పల్చటి చర్మం చేపలకి ఆ మందు సగమే పొయ్యాలని, నిండు మూత వాటి మొప్పల్ని కాల్చేస్తుందని తెలుసుకుంది. తన చేపల్ని చివరికి చంపింది తన చెయ్యేనని కూడా అప్పుడే తెలిసింది. దానికీ జాసిబ్‌నే తిట్టుకుంది. తర్వాత ఎవరింట్లో లోచ్‌లు జబ్బుపడినా వెళ్లి బతికించి వచ్చేది. మందు తనే పోసేది, కొలత మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రెండో ఏడు చలికాలంలో జాసిబ్ దుకాణానికి ఆ జబ్బు వచ్చింది. ఎంతిస్తామన్నా అమ్మని ఆరు లోచ్‌లున్నాయి వాడికి. వాళ్ల నాన్న పెంచినవి, ఒక్కోటి జానెడుకి పైనే. వాటికీ చుక్కలు లేచాయి. సిగ్గు చంపుకుని శుక్రవారం చాయ్ కొట్టు దగ్గర ఆవిడ ముందు నిలబడ్డాడు. ఒక్కసారి వచ్చి చూడమని అడిగాడు.

"నీ దుకాణం గడప తొక్కను. కొలత కావాలంటే చెబుతా," అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా చెవులు రిక్కించారు. "పది లీటర్లకి సగం మూత. నీళ్లు రోజుకి కాస్త చొప్పున వేడి చెయ్యి. అడుగు రోజూ శుభ్రం చెయ్యి. చుక్కలు పోయినా ఇంకో పది రోజులు ఆపకు."

వాడు ఆవిడ మొహంలోకి అదేపనిగా చూసి వెళ్లిపోయాడు.

మరుసటి శుక్రవారం ప్లాస్టిక్ తొట్టితో వచ్చి, చాయ్ కొట్టు దగ్గర ఆవిడ కూర్చున్న బల్ల మీద పెట్టాడు. ఆరూ అందులోనే ఉన్నాయి, చచ్చి పక్కకి ఒరిగి.

"నిజమే చెప్పారా టీచరమ్మా?"

"ఇంతమంది ముందు చెప్పాను. నువ్వెంత పోశావు?"

"మూత నిండా పోశాను. మీరు అబద్ధమే చెబుతారని, ఏం చెబితే దానికి తిరగేసి చెయ్యాలని ముందే అనుకున్నా."

"నువ్వు అలాగే చేస్తావని నాకు తెలుసు."

జాసిబ్ గొంతు తగ్గించి అడిగాడు.

"అయితే, మీరు మూత నిండా పొయ్యమని అబద్ధం చెప్పి ఉంటే నేను సగమే పోసేవాణ్ణి కదా. బతికేవి కదా ఇవి?"

"బతికేవి," అంది నదీమా. రెండేళ్లుగా ఈ ఒక్క మాట కోసమే ఎదురుచూసింది. చాయ్ గ్లాసు ఎత్తి నెమ్మదిగా తాగింది. ఆ తొట్టి వైపు మాత్రం చూడలేకపోయింది.