తాకితేనే వచ్చే ఇంగ్లీషు

కాశీబుగ్గలో మా పక్కింటి కోడలు బిజినెస్ ఎనలిస్టు ఉద్యోగానికి నా దగ్గర ముప్ఫై ఒక్క ఇంగ్లీషు మాటలు నేర్చుకుంది. దేన్నయినా తాకితేనే ఆమెకు మాట గుర్తొచ్చేది. మా ఇంట్లో ఆరుగురికి ఒక్కటే అయిన స్నానాలగది తలుపు ‘బాటిల్‌నెక్’. మూడో కూతకల్లా దించాల్సిన పొయ్యి మీది కుక్కరు ‘డెడ్‌లైన్’. ఏ మార్పుకైనా ముందుగా అడగవలసిన మనిషి ‘స్టేక్‌హోల్డర్’. దానికి మా ఆయన భుజం.

అప్పటికే మూడు ఇంటర్వ్యూలు పోయాయి. నాలుగోది బుధవారం పదకొండింటికి, మా ఇంట్లో, వీడియోలో. అడిగిన మొదటి ఐదు మాటలకు ఫోను పట్టుకుని, ఇల్లంతా తాకుతూ తిరిగి జవాబు చెప్పింది. ఆరోది స్టేక్‌హోల్డర్. మా ఆయన పెరట్లో పనసకాయ కోస్తున్నారు.

“మావా, బేగి రా! నా ఉజ్జోగం పోతాది!”

పనస జిగురు అంటకుండా రాసుకున్న నూనె చేతులతో పరుగెత్తుకొచ్చిన ఆయన భుజం పట్టుకుని, ఇంగ్లీషులో అర్థం గడగడా అప్పజెప్పింది.

“ఏటంతన్నావమ్మా?” అన్నారాయన.

“ఇంట్లో ఏటి మార్సినా ముందు నిన్నడగాలంతన్నాను మావా.”

“నన్నా? ఈ ఇంట్లో నన్నెవులడిగినారు? గోడలకి ఈ పచ్చరంగు నన్నడిగే ఏసినారేటి?” అంటూ నా వైపు చూశారు.

ఫోనులో ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ నవ్వాపుకొని తెలుగులోకి దిగారు. “ఇలా ఎవరూ అడగనివాళ్లను వెతికి అడగడమే మీ పనమ్మా. సోమవారం వచ్చి చేరండి.”