పైడమ్మత్త వేసిన ముడులు

ఈ పొద్దున మలేసియాలోని సైబర్‌జయలో మా ఆఫీసు పాంట్రీలో ఎవరో నాసి లెమాక్ పొట్లాల సంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. సంచి మూతికి ఎర్ర ప్లాస్టిక్ తాడు, ఇక్కడ మేమంతా రాఫియా అంటాం. మూడు ముడులు బిగించి ఉన్నాయి. విప్పబోతే తాడు వేళ్ళ మధ్య కీచుమంది. అంతే, కొబ్బరిపాల అన్నం వాసన ఎటు పోయిందో గాని, ఐసూ చేపలూ తడి సిమెంటూ కలిసిన వాసన ముక్కు నిండా కమ్ముకుంది. "ముడి సూసి మాటాడు, గుంటా" అని పైడమ్మత్త వెనక నుంచి కసిరినట్టే అనిపించింది. ఆకలితో వెళ్ళినదాన్ని, పొట్లం జోలికి పోకుండా, ముడులు విప్పని తాడును సంచి మూతి నుంచి జార్చి జేబులో వేసుకుని అలాగే కూర్చుండిపోయాను.

పైడమ్మత్త నాకు చుట్టమేమీ కాదు, హుటాన్ మెలింటాంగ్ అనే నది ఒడ్డు ఊళ్ళో ఒక చేపల కంపెనీ గోదాము చూసుకునేది. పడవలు నది వెంట వచ్చి నేరుగా కంపెనీ జెట్టీ దగ్గరే ఆగేవి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కంపెనీలకు ఈఆర్పీ అమర్చిపెట్టే ఉద్యోగం. అంటే మరేం లేదు, కంపెనీ పనినంతా కొనుగోలు, గోదాము, ఉత్పత్తి, అమ్మకం, సిబ్బంది అని భాగాలు చేసి, ఒక్కో భాగానికీ ఒక మాడ్యూల్ పెట్టి, ఒకదాని మాట ఇంకొకటి వినేలా చేసే సాఫ్ట్‌వేర్. గోదాము మాడ్యూల్ నా చేతికొచ్చిన మొదటి పని. ఇక నా పొగరు గురించి చెప్పాలా, కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

మా ఇంట్లో తెలుగు వినడమే గాని, మేం పిల్లలం తమిళంలోనో ఇంగ్లీషులోనో జవాబిచ్చేవాళ్ళం. ఆవిడ మొదటి రోజే ఆ ఆట కట్టించింది. "మీ తాతది ఏ రబ్బరు ఎస్టేట్? పేరేటి?" అని అడిగింది. నేను తమిళంలో మొదలెట్టగానే, "తెలుగు గుంటవి, తెలుగులో సెప్పు లా. తప్పు మాటాడితే నానేటి కొరికేస్తానా?" అంది, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే "లా"తో సహా. ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ కసుర్ల పుణ్యమే.

ఆవిడకో పద్ధతి ఉండేది. పడవ రాగానే జెట్టీ మెట్లు దిగి, పడవ నడిపే టెకాంగ్‌ని "ఎన్ని రోజులు నీళ్ళ మీదున్నారు?" అని అడిగేది. అతను చెప్పింది ఓ పట్టాన నమ్మేది కాదు. ఒక కానాగంత చేపను తీసి, మొప్ప ఎత్తి చూసి, పొట్ట నొక్కి, అప్పుడు ఎన్ని రోజులో తేల్చేది. ఎన్ని రోజులైతే అన్ని ముడులు వేసిన రాఫియా ముక్కను ప్రతి బుట్టకూ కట్టేది. చలి గదిలో ఆవిరి కమ్మి ఏమీ కనిపించేది కాదు. కుర్రాళ్ళు చేత్తో ముడులు తడిమి, ఎక్కువ ముడులున్న బుట్టను ముందుగా లారీ ఎక్కించేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా అలాగే నడిచింది.

నాకు అది చూసి నవ్వొచ్చింది. నిజం దాచడమెందుకు, జాలి కూడా వేసింది. బుట్టలకు బార్‌కోడ్ స్టిక్కర్లు వేయించి, "అత్తా, ఇక ఈ తాళ్ళు తీసేయండి. ముందు వచ్చింది ముందు లారీ ఎక్కుతుంది, ఆ లెక్క సిస్టమే చూసుకుంటుంది" అన్నాను.

"ముందు వచ్చిందంటే ఏటి? జెట్టీకా, వలలోకా?" అంది.

ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పుడు మాత్రం చెవికెక్కలేదు. "రెండూ ఒకటే అత్తా" అనేశాను. ఆవిడ "సరే, సదువుకున్నదానివి" అని, తనే కత్తెర తీసుకుని, ఒక్కో తాడూ కోసి బకెట్‌లో పడేసింది.

రెండూ ఒకటి కాదు. చిన్న పడవలు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాయి. పెద్ద పడవలు నాలుగైదు రోజులు సముద్రం మీదే ఉంటాయి. ఆ వారం చిన్న పడవ వచ్చిన మర్నాడు పెద్ద పడవ వచ్చింది. నా సిస్టమ్‌కు తెలిసింది జెట్టీకి చేరిన తేదీ ఒక్కటే. తాజా చేపల్ని ముందు పంపించి, ఐదు రోజుల చేపల్ని ఇంకో రెండు రోజులు గోదాములో కూర్చోబెట్టింది. చివరికి ఆ పాత చేపలు ఎక్కిన లారీని కౌలాలంపూర్‌లో వాసన చూసి, అట్నుంచి అటే తిప్పి పంపేశారు.

యజమానిని అందరూ తౌకే అనే పిలిచేవాళ్ళు. ఆయన మమ్మల్నందరినీ గదిలోకి పిలిచాడు. సిస్టమ్‌లో ఆ సరుకు కింద పడిన పేరు పైడమ్మత్తది. "బుట్టలకు తాళ్ళు ఏమయ్యాయి? ఎవరు తీశారు?" అని అరిచాడు.

"నేనే కోశాను" అంది పైడమ్మత్త మలయ్ భాషలో.

"ఎవరు చెప్పారు?"

ఆవిడ నా పేరెత్తలేదు. నా వైపు కూడా చూడలేదు. నేను రెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. పక్కనే మా మేనేజరు. నా మొదటి పని, నా పేరు, నా ఉద్యోగం. నోరు విప్పలేదు. రేపటి నుంచి పైడమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్ళాలని, కంప్యూటర్ తెలిసిన గుమస్తా గోదాము చూస్తాడని తౌకే తేల్చేశాడు. ఆవిడ గోదాము తాళంచెవి నడుము నుంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు తేలు కుట్టిన దొంగలా కూర్చుని, సరుకు వివరాలు నింపే తెరలో కొత్త గడి ఒకటి పెట్టాను: సముద్రంలో ఎన్ని రోజులు? నింపకపోతే తెర ముందుకు పోదు. పని ఆగకూడదని అందులో ముందే ఒకటి అని అంకె వేసి ఉంచాను. అదే ఇంకో తెలివి! గుమస్తా జెట్టీకి దిగనే లేదు, ఎంటర్ నొక్కుతూ పోయాడు. వారం తిరిగేసరికి మా రికార్డుల్లో ప్రతి పడవా ఒక్కరోజు పడవే.

అది చూశాక ఉండబట్టలేక షెడ్డుకు వెళ్ళాను. ఆవిడ రొయ్యలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒలవబోయాను.

"అత్తా, ఆ రోజు నేను చెప్పాల్సింది."

"అవును, సెప్పాల్సింది" అంది, చేతులు ఆపకుండానే. పర్లేదులే అంటుందని ఆశపడ్డాను. అనలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఓలమ్మో, ఏడిస్తే రొయ్య ఒలుసుకుంటాదేటి? నాకు సెప్పి ఏటి లాభం? ఎల్లి తౌకేకి సెప్పు లా."

ఆ తడి చేతులతోనే వెళ్ళాను. మా మేనేజరు ఎదుటే తౌకేకి చెప్పాను: తాళ్ళు తీయించింది నేను, సరైన ప్రశ్న అడిగింది ఆవిడ, వినిపించుకోనిది నేను. తౌకే సొరుగులోంచి తాళంచెవి తీశాడు. సోమవారం పైడమ్మత్త గోదాముకు తిరిగొచ్చింది. నన్ను మాత్రం మా మేనేజరు ఆ పని నుంచి తప్పించాడు.

వెళ్ళేముందు ఆవిడకు ఆ కొత్త గడి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇందులో ముందే ఒకటని రాసున్నాదేటి?" అంది.

"ఖాళీగా ఉంటే పని ఆగిపోతుంది అత్తా."

"ఆగనీ. ఎవులో ఒకలు దిగి ఆ టెకాంగ్‌ని అడగాల గదా."

అంకె తీసేశాను. గడి ఖాళీ అయింది. అప్పుడు మొదటిసారి నా వీపు తట్టింది, చేపల వాసన కొట్టే చేత్తో. ఆ చొక్కా రెండు వారాలు ఉతకలేదంటే ఎవరూ నమ్మరు.

పైడమ్మత్త పోయి రెండేళ్ళయింది. కబురు ఆలస్యంగా తెలిసి, చివరిచూపుకు కూడా అందలేకపోయాను. ఆ బాధ అలాగే ఉండిపోయింది. నేనిప్పుడు పదిమందితో గోదాము మాడ్యూళ్ళు చేయిస్తున్నాను.

ఈ మధ్యాహ్నం మా జట్టులో కొత్తగా చేరిన దేవి నా దగ్గరికి వచ్చింది. ఒక కూరగాయల గోదాము పని చూస్తోంది. "అక్కా, కోసి ఎన్ని రోజులైందన్న గడి ఖాళీగా ఉందని వాళ్ళు కేకలేస్తున్నారు. ఒకటి అని పెట్టేయనా?"

"వద్దు. ఖాళీగానే ఉండనీ. రేపు పొద్దున ఇద్దరం వెళ్దాం, సరుకు దించేవాళ్ళని అడుగుదాం."

దేవి వేళ్ళు నలుపుకుంటూ నిలబడింది. "పని ఆగిపోతే మన పై వాళ్ళు నన్ను పట్టుకుంటారక్కా. ఎవరు చెప్పారని అడిగితే?"

జేబులో పొద్దుటి ఎర్ర తాడు చేతికి తగిలింది. మూడు ముడులూ అలాగే ఉన్నాయి.

"నేను చెప్పానని చెప్పు" అన్నాను.