పసుపు పూసిన ఎలుకలు

గుండె మీద కవులు రాసినవన్నీ కుప్ప పోస్తే సూర్యాపేట బస్టాండు నిండుతుంది. పిక్క మీద ఒక్కరు రాసినట్టు నేనెక్కడా చదవలేదు. చదవక కాదు, కాలు నిలవని మనిషిని, ఏ ఊళ్లో దిగినా టీకొట్టు తర్వాత లైబ్రరీయే వెతుక్కుంటాను. గుండె కూడా ఒక కండేనని, పిక్కను తినే జబ్బు ఏదో ఒకనాడు దాని దాకా పోతుందని నాకు చెప్పింది మాత్రం పుస్తకం కాదు, రజని.

రజని తండ్రి లింగస్వామి గొర్ల కాపరి. ఊరు మాడుగులపల్లి దగ్గర. మేత కోసం మందను కోదాడ దాకా తోలుకొచ్చేవాడు. ఆ మంద దగ్గర పంచుకున్న సద్దితోనే మా స్నేహం. ఆయన కొడుకు శ్రీను చిన్నప్పుడు మునివేళ్ల మీద నడిచేవాడు. పిక్కలు లావుగా ఉంటే ‘పహిల్వాన్’ అని అందరూ నవ్వారు. తర్వాత పడిపోవడం మొదలైంది, ఆ తర్వాత మంచం. హైదరాబాదు దవాఖానలో డాక్టరు, కండను గట్టిగా ఉంచే ఒక ప్రోటీను వీడి ఒంట్లో తయారు కాదని చెప్పాడు. “ముందు కాళ్లు, తర్వాత చేతులు, ఆ తర్వాత...” అని శ్రీను ఛాతీ వైపు చూసి ఊరుకున్నాడు. పక్కనే ఉన్న రజని అప్పుడు ఇంటర్ చదువుతోంది. డాక్టరు మింగేసిన ఆ మాటే ఆమెను ఫార్మసీ చదువులో పడేసింది.

2011లో కోదాడలో ఎం.ఫార్మసీ. శ్రీను జబ్బున్న ఎలుకలు ఆ కాలేజీకి ఎక్కడివి? మామూలు తెల్ల ఎలుకలే. కొన్నింటికి కండను కరిగించే మందు, కొన్నింటికి ఆ మందుతో పాటు తిప్పతీగ రసం, కొన్నింటికి ఏదీ లేదు. చివరికి వాటిని కోసి, తొడ కండలో ప్రోటీను ఎంత మిగిలింది, గుండె కండలో ఎంత మిగిలింది అని చూడాలి. ఆమెకు కావాల్సింది ఒక్కటే: కాళ్లు కరిగినా గుండె నిలుస్తుందా, దాన్ని నిలబెట్టేది ఏదైనా ఉందా? ఏ గుంపు ఎలుకలకు ఆ గుంపు బోను. ఒక్కోదానికి తల మీదో, వీపు మీదో, తోక మొదట్లోనో పసుపుపచ్చ రంగు చుక్క.

శ్రీను ఫోన్ చేసేవాడు. “అక్కా, నీ ఎలుకలు నడుస్తున్నయా?”

“నడుస్తున్నయ్ రా.”

“నాకన్న నయమే. ఒకదాన్ని తోల్కరా, మంచినీళ్లన్న అందిస్తది.”

దీపావళికి ముందురోజే ఎలుకలను చూసుకునే మల్సూర్ ఇంటికి పోయాడు. తెల్లవారేసరికి శ్రీనుకు ఊపిరి ఆడడం లేదని, మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోతున్నానని తల్లి బుచ్చమ్మ ఫోన్. లింగస్వామి మంద ఆ వారం కోదాడ పొలిమేరలోనే ఉంది. రజని ఆయన దగ్గరికి పరుగెత్తింది.

“డాక్టర్లతోని మాట్లాడేది నువ్వే. నేను పోయి ఏం జేస్త? ఎలుకల కాడ నేనుంట, నువ్వు పో” అన్నాడు.

“నీళ్లు పెట్టు, మేత పెట్టు. ఇంకేం చెయ్యకు నాయినా.”

“పుట్టినకాడి నుంచి జీవాలల్లనే ఉన్న. నాకు నేర్పుతవా బిడ్డా?”

గొర్ల కాపర్లకు దీపావళి మంద పండుగ. జీవాలకు పసుపు పూసి, మందనంతా ఒక్కచోట చేర్చి, చుట్టూ దీపం తిప్పుతారు. చెదిరిన మందకు దీపం తిప్పడం అశుభం.

శ్రీనుకు నిమ్ము చేసిందని, ఈసారికి గండం గడిచిందని తెలుసుకుని రజని సాయంత్రం తిరిగొచ్చింది. లింగస్వామి ఎలుకల గది వాకిట్లోనే ఎదురయ్యాడు.

“నీ జీవాలకు గూడ పండుగ జేసిన. గింతంత డబ్బలల్ల యాడివాడ పెడితే బెంగపడవా? అన్నింటినీ ఒక్క టబ్బుల ఏసి, పసుపు పూసి, దీపం తిప్పి, మల్ల డబ్బలల్ల సర్దిన. తమ్ముని కోసం పానమిచ్చేటివి గదా!”

రజని లోపలికి పోయి చూసింది. ప్రతి ఎలుకా పచ్చగా ఉంది. ఏది ఏ గుంపుదో దేవుడు కూడా చెప్పలేడు.

“మంచిగ జేసినవ్ నాయినా” అంది.

ప్రయోగం నడిపించే దశరథ సార్ నవ్వాడు. “ఎవరికి తెలుస్తుందమ్మా? బక్కవి ఒక బోనులో, లావువి ఒక బోనులో వేసెయ్. గుర్తులు కొత్తగా పెట్టు.”

“బక్కవి బక్కగున్నయని తేల్చడానికి ప్రయోగమెందుకు సార్?”

“సరే, మళ్లీ చెయ్యి. కొత్త ఎలుకలకు కమిటీ అనుమతి రావాలి. ఏడాది పడుతుంది. నీ తమ్ముడికి అంత టైముందా?”

లేదు. తొందరగా డిగ్రీ వస్తే ఉద్యోగం, ఉద్యోగం వస్తే పెద్ద దవాఖాన అనుకుంది. బోన్లు నింపింది, అంకెలు నింపింది. తిప్పతీగ రసం తాగిన ఎలుకల గుండె కండ చెక్కుచెదరలేదని తేలింది. తేలదా మరి? దశరథ సార్ దాన్ని పేపరు జిల్లా పేజీలో వేయించాడు. లింగస్వామి ఆ ముక్కను రుమాలులో మడిచి పెట్టుకుని, కనబడ్డ వాళ్లందరితో చదివించేవాడు. నాతో రెండుసార్లు చదివించాడు. నిజమేననుకుని గొంతెత్తి చదివాను.

2013లో శ్రీను పోయాడు. గుండె ఆగింది. దినాలు కాకముందే లింగస్వామి అడిగాడు.

“ఎలుకల గుండెలు నిలబెట్టిన మందు ఇంట్ల పిలగానికి ఎందుకియ్యలే బిడ్డా?”

బుచ్చమ్మ ఏడుస్తూనే అంది: “తిప్పతీగ మన కంచె మీదనే పారుతుండె గదనే!”



నిరుడు, అంటే 2014లో, సూర్యాపేటలో ఒక మందుల దుకాణంలో కనబడింది. అక్కడే పని. ఇదంతా ఆమె చెప్పిందే. “మీ నాయినకు అసలు సంగతి చెప్పెయ్యరాదా?” అన్నాను.

“గిప్పుడు కొడుకును నేను సంపిన్నంటున్నడు. చెప్తే, ఆ పసుపుతోని తానే సంపిన్నంటడు. నా మీదనే ఉండనీ తాతా. నువ్వు గూడ చెప్పకు.”

ఆ వేసవిలోనే మేళ్లచెరువు దగ్గర, సిమెంటు లారీల దుమ్ములో, లింగస్వామి మంద ఎదురైంది.

“సూర్యాపేటలో నీ బిడ్డ కనబడ్డది” అన్నాను.

“ఏ బిడ్డ?” అన్నాడు, గొర్లను రోడ్డు దాటిస్తూ.