ఎడమవైపు తెలుపు

మార్కాపురంలో చంద్రశేఖరరావు గోదాములో ఇప్పుడు పలకలు లేవు. కెమెరాలున్నాయి. అన్నీ మడత కెమెరాలు, అన్నీ జర్మనీవి. బొత్తాం నొక్కితే తలుపు కిందికి పడుతుంది, లెన్సు ముందుకు వస్తుంది, దాని వెనక నల్లటి తోలుతిత్తి మడతలు విప్పుకుంటుంది. మూస్తే జేబులో పడుతుంది.

ఆయన వాటిని రోజూ తుడుస్తాడు. పలకల వ్యాపారం పోయినా పొడి పోలేదు. పక్క వీధిలో ఇంకా రాయి కోస్తున్నారు. సన్నటి బూడిదరంగు పొడి కెమెరాల షట్టరు రేకుల మధ్య చేరి వాటిని పట్టేస్తుంది. తుడిచి మూస్తాడు. మరునాడు మళ్ళీ తుడుస్తాడు. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. కుడికంట్లో శుక్లం.

చూడవచ్చేవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు అడిగితే చెబుతాడు. నాలుగు కంపెనీలు కలిసి జైస్ ఐకాన్ అయిన సంగతి, డ్రెస్డెన్ మీద బాంబులు పడిన సంగతి, యుద్ధం తర్వాత దేశంతోపాటు కంపెనీ కూడా రెండైన సంగతి. ఇవన్నీ ఎందుకు కొన్నారని అడిగితే మాత్రం "ఏదో" అంటాడు.

మొదటి కెమెరా వాళ్ళ నాయనది. పేరు నెట్టార్. నంద్యాల నుంచి బదిలీ అయి పోతున్న ఒక రైల్వే అధికారి దగ్గర కొన్నాడు. కొడుకు చంద్రశేఖరరావు పెండ్లి ఫోటోలు ఆయనే తీశాడు. కర్నూలులో కడిగించి తెస్తే, అన్నింట్లోనూ ఎడమవైపు తెల్లటి మంట లేచినట్టుంది. పెండ్లికొడుకు చక్కగా ఉన్నాడు. పక్క పీట మీద పట్టుచీర అంచు ఉంది, పారాణి పాదాలున్నాయి, ముఖం లేదు.

"పిల్ల ముఖం ఫోటోకు నిలవలేదు," అంది పెండ్లికొడుకు అక్క శ్రీశైలమ్మ.

ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. పలకల ధర పడినప్పుడు వచ్చేది. కడుపు పోయినప్పుడు వచ్చింది. పెండ్లికూతురు సీతారత్నం ఎవరినీ ఏమీ అనలేదు. ఫోటో అంటే లేచి లోపలికి పోయేది. చుట్టాల పెండ్లిళ్ళలో అందరి వెనక నిలబడేది. ఆధార్ కార్డు కోసం ఒక్కసారి కూర్చుంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత గిద్దలూరులో, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయన ఇంట్లో చంద్రశేఖరరావు అలాంటి కెమెరానే చూశాడు. తిత్తికి చిల్లు పడితే వెలుతురు దూరి ఫిల్ము పాడవుతుందని, చీకట్లో లోపల టార్చి వెలిగిస్తే చిల్లు చుక్కలా కనిపిస్తుందని ఆయన చెప్పాడు. ఇంటికి వచ్చి నాయన కెమెరా తెరిచాడు. తిత్తి మడతలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఒక మూల చీలి ఉంది. వాసన చూశాడు. ఆముదం.

అప్పటికి అమ్మ మంచంలో ఉంది.

"పెండ్లప్పుడు ఆ డబ్బాకు ఆముదం పూసినావా అమ్మా?"

"పూయనా మరి? కొత్త చెప్పు మాదిరి బిర్రబిగుసుకోనుండె," అని నవ్వింది.

కొత్త చెప్పులకు ఆముదం పట్టించి తెల్లారేదాకా ఉంచడం ఆ ఇంట్లో అలవాటే. వైశాఖం ఎండలకు గట్టిబడిన తిత్తిని మెత్తబరచాలనుకుంది. నూనెకు లోపలి బంక వదిలింది. తెరవగానే మూల చీలింది. చీలిక ఒక్క పక్కనే. వెలుతురూ ప్రతి ఫోటోలో ఒక్క పక్కనే పడింది.

నవ్వే మనిషికి ఆయన చీలిక సంగతి చెప్పలేదు. అమ్మ పోయాక కూడా ఎవరికీ చెప్పలేదు. తిత్తి మార్చి సీత ఫోటో తీస్తే చాలనుకున్నాడు. అదే కొలత తిత్తి కోసం ఒక్కో కెమెరా తెప్పించాడు. కొన్ని తిత్తులు పెద్దవి, కొన్ని చిన్నవి, కొన్ని ముట్టుకుంటే పొడి అయ్యాయి. పారెయ్యలేక దాచాడు. అలా పేరుకున్నాయి.

ఈ మాఘంలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పాత నెట్టార్ తిత్తి సరిపోయింది.

పెరట్లో స్టూలు వేశాడు. పామూరు నుంచి వచ్చిన శ్రీశైలమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఏందిరా శేఖరా, గోడకు తగిలించేదానికా ఫోటో? అట్లయితే ముందు నాది తియ్యి. నాకే తొందర."

సీతారత్నం వంటింటి గడప దాటలేదు. ఆయనే దగ్గరికి వెళ్ళాడు.

"తిత్తి మార్చినా. టార్చి పెట్టి చూసినా. యాడా చిల్లు లేదు. ఆనాడు నీ ముఖం రాకపోయింది చిల్లు వల్లనే సీతా."

"అత్తమ్మ ఆముదం వల్ల," అందామె, గొంతు పెంచకుండా.

"నీకెట్ల తెలుసు?"

"పీటల మీదికి తెచ్చేముందు నా బుగ్గలు పుణికింది. చేతులంతా ఆముదం. ఫోటోలు వచ్చినంక మీ డబ్బా వాసన చూసినా."

"మరి చెప్పలేదేంది?"

"కొత్తకోడలు అత్త మీద చెప్తే ఎవరు వింటారండీ? తర్వాత మీరు అత్తమ్మను అడిగింది విన్నా. ఇంక మీరే చెప్తారని చూసినా. మీరు కెమెరాలు కొన్నారు."

ఆయన చేతిలో నెట్టార్ తెరుచుకునే ఉంది.

"మీ అక్కకు చెప్పి రాండి. అప్పుడు కూర్చుంటా."

అరుగు దాకా నాలుగడుగులు. కెమెరా మూయకుండానే నడిచాడు.

"అక్కా. నా పెండ్లి ఫోటోలు చెడింది సీత వల్ల కాదు. అమ్మ తోలుకు ఆముదం పూసింది. తిత్తి చీలింది."

శ్రీశైలమ్మ చేయి ఆగింది. "పోయినదాని మీద చెప్తావా ఇప్పుడు?"

"ఉన్నదాని మీద నువ్వు చెప్పినావు. నేను వింటా కూర్చున్నా."

ఆమె చేటలోని కాయల్ని కాసేపు అటూ ఇటూ కదిపింది. తర్వాత లేచి, స్టూలును వెలుగులోకి జరిపి, పొడిని కొంగుతో తుడిచింది.

"రామ్మా సీతా. ఎండ పోతాది."

సీతారత్నం వచ్చి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒడిలో పెట్టుకుంది. ఆయన ఎడమకన్నుతో చూసి నొక్కాడు. చిన్న చప్పుడైంది.

"అయిపోయింది," అని అరుగు మీద కూలబడ్డాడు.

ఆమె లేవలేదు.

"ఇంకోటి తీయండి. కండ్లు మూసినానేమో."