మెడ మీద కోత

మా మేనత్త ఆళ్లగడ్డ చర్చిలో పాటలు పాడేది. మెడలో రక్తనాళం పూడుకుపోతే, పక్షవాతం రాకముందే డాక్టర్లు కోసి శుభ్రం చేశారు. ఆ మచ్చ చూసి, ఆమె గొంతు కోసుకుందని పక్కింటామె ఊరంతా చెప్పింది. అప్పటినుంచి అత్త సిగ్గుతో మండుటెండలో కూడా మెడకు కొంగు చుట్టుకునే తిరిగేది.

ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో ఆ పక్కింటామెకే మూతి వంకర పోయి, మాట తడబడింది. కాసేపటికి సర్దుకుంది. "ఏం లేదు, ఎండకు," అంది.

అత్త అందరి ముందూ కొంగు తీసేసింది. "నాకూ ఇట్లే వచ్చి పోయింది. అందుకే ఈడ కోసినారు. బేగా నంద్యాల ఆసుపత్రికి పోదాం పా," అంది. చెప్తున్నంతసేపూ తల మాత్రం ఎత్తలేదు.

సమయానికి వెళ్లడంతో పక్షవాతం తప్పింది. ఆసుపత్రి మంచం మీద పక్కింటామె అత్త చెయ్యి పట్టుకుని, "నీ గురించి ఏమేమో అంటినక్కా," అని ఏడ్చింది.

అత్త ముఖం తిప్పుకుని, కొంగు మళ్లీ మెడకు చుట్టుకుంది. "మెల్లగ మాట్లాడు, డాక్టరు వింటాండాడు."