నేరేడు గింజలూ స్టీలు డబ్బాలూ

మూడు నెలల పరిశోధనను ఒక్క పూటలో సర్వనాశనం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. వరదా రాలేదు, కరెంటూ పోలేదు. ముప్పై స్టీలు డబ్బాలతో, నిండు ఆత్మవిశ్వాసంతో, నా చేతులారా చేశాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. చేతిలో మైక్రోబయాలజీ డిగ్రీ, మెడలో ఐడీ కార్డు. ఈ రెండూ ఉన్నాక ఇంకెవరి మాటా వినక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఉద్యోగం గవర్నరుపేటలో, ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే చిన్న ట్రస్టులో. షుగరు, కీళ్ళనొప్పులు లాంటి మనిషిని పట్టి వదలని జబ్బులకి మన పెరట్లో దొరికే చవక మందులు నిజంగా పనిచేస్తాయా, లేక అంతా ఉత్తిదేనా అని పరీక్షించడం అక్కడి పని. లాభాపేక్ష లేదు. "మా తాతకి తగ్గింది" అంటే ఒప్పుకోరు, రుజువు కావాలి. ట్రస్టును నడిపేది డాక్టర్ విమలగారు. ఆవిడకు కోపం వస్తే అరవరు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటారు. అంతే, మనకు ముచ్చెమటలు పడతాయి.

ఆ ఏడు నేరేడు గింజల వంతు వచ్చింది. పామర్రు దగ్గర ఒక ఊళ్ళో, ఒకే వీధిలో, షుగరున్న ముప్పై మందిని ఒప్పించాం. వాళ్ళ మామూలు మందులు మానకుండానే రోజుకి రెండు గొట్టం మాత్రలు, అంటే క్యాప్సూళ్ళు, అదనంగా వేసుకోవాలి. సగం మంది మాత్రల్లో నేరేడు గింజల పొడి, మిగతా సగం మందికి వేయించిన తవుడు. ఈ సంగతి ముందే చెప్పాం, అందరూ సరేనన్నారు. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఎవరికి ఏది వెళ్ళిందో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. డబ్బా మీద నెంబరుంటుంది. ఏ నెంబరులో ఏముందో రాసిన కాగితం మేడమ్ బీరువాలో ఉంటుంది. మూడు నెలలయ్యాక ఆ కాగితమూ, వాళ్ళ షుగరు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే గింజల బండారం బయటపడుతుంది.

"ఝాన్సీ, మాత్రలు కాగితం కవర్లలో ఇద్దాం. ఏ ఇంటికి ఏ నెంబరిచ్చావో రిజిస్టర్లో రాసుకో," అన్నారు మేడమ్.

"కవర్లు చిరుగుతాయి మేడమ్. స్టీలు డబ్బాలైతే మర్యాదగా ఉంటుంది. నెంబరు ఎలాగూ డబ్బా మీద స్టిక్కరులో ఉంటుందిగా, మళ్ళీ రిజిస్టరెందుకు? రెండుచోట్ల రాస్తే తప్పులొస్తాయి."

చూశారా తెలివి! తప్పు రాస్తానేమోనని అసలు రాయడమే మానేసిన మహానుభావురాలిని నేను. డబ్బాల సంగతికి మేడమ్ ఊరుకున్నారు కానీ, "రాసుకో" అని ఇంకోసారి అన్నారు. "సరే మేడమ్" అన్నాను, రాయలేదు.

వారం వారం బస్సెక్కి వెళ్ళేదాన్ని. మార్తమ్మగారి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, వేలికి సూది గుచ్చి, వచ్చిన రీడింగును రేడియోలో వార్తలు చదివినట్టు పైకి చదివి, పేరుకెదురుగా రాసుకునేదాన్ని. చివరి వారం ముందు, "వచ్చే వారం డబ్బాలు తిరిగి ఇచ్చేయాలండీ," అని చెప్పి వచ్చాను. నా కొంప ముంచిన మాట ఇదే.

మార్తమ్మగారు అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయిన మనిషి. ఆ వీధికి ఆవిడ మాటే చట్టం. చివరి రోజు మొదట ఆవిడింటికే వెళ్ళాను. డబ్బా చేతికిచ్చారు. బరువుగా ఉంది, తళతళా మెరుస్తోంది.

"ఇన్ని మాత్రలు మిగిలిపోయాయేంటండీ?"

"మాత్రలేంటి తల్లీ, సున్నుండలు. ఒకళ్ళ గిన్నె ఖాళీగా ఎట్టా తిరిగిస్తాం? అంత బుద్ధి లేనోళ్ళమా?"

"షుగరున్న ఇంట్లో సున్నుండలా?"

"నేను తింటే కదా! నీకు లేదుగా షుగరు. ఎండనపడి తిరిగి పుల్లలా అయిపోయావు. తిను."

"మరి డబ్బా మీద స్టిక్కరు?"

"అబ్బ, దాని దుంపతెగ, ఎంతకీ ఊడదే! కొబ్బరినూనె రాసి, నానబెట్టి, పీచేసి తోమితే అప్పటికి వదిలింది. చూడు, కొత్త డబ్బా కూడా ఇంత బాగుండదు."

పక్కింటికి పరుగెత్తాను. కోటేశ్వరమ్మగారు జంతికలతో ఎదురొచ్చారు. ఆ పక్కన చేపల వ్యాపారం చేసేవాళ్ళింట్లో ఎండు రొయ్యల పొడి. ఆ తర్వాత గోంగూర పచ్చడి. డబ్బాలన్నీ పెళ్ళికూతుళ్ళలా తయారై ఉన్నాయి, ఒక్కదాని మీదా నెంబరు లేదు.

"నూనె రాస్తే పోద్దని మార్తమ్మగారు చెప్పారమ్మా," అంది ప్రతి ఇల్లూ, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ.

తొమ్మిదో ఇంటి దగ్గర నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మిగిలిన మాత్రలు! ఒక్కొక్క ఇంటిదీ ఒక్కటి దొరికినా చాలు, విప్పి చూస్తే గింజలో తవుడో తెలిసిపోతుంది. మళ్ళీ మార్తమ్మగారి దగ్గరికి ఉరికాను.

"మిగిలిన మాత్రలేం చేశారండీ? పారేశారా?"

"అయ్యో, మందు పారేస్తామా?" అంటూ లోపలికెళ్ళి ఆవకాయ జాడీ మోసుకొచ్చారు. "అందరియ్యీ ఇందులోనే పోశాం. మొదటి నెల నుంచీ ఇంతే. ఎవరికి అయిపోతే వాళ్ళొచ్చి తీసుకెళ్తారు. పాలల్లోకి తోడిచ్చుకుంటాం, మాత్రలిచ్చుకోమా?"

ముప్పై డబ్బాలూ రెండు గోతాల్లో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా నా పక్కన కూర్చున్నాయన "ఎక్కడమ్మా పెళ్ళి?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆఫీసులో మేడమ్ ఒక డబ్బా మూత తీశారు. ఇంకోటి తీశారు.

"ఇందులో మందేది, తవుడేది?"

"అవి జంతికలు మేడమ్."

కళ్ళజోడు తీశారు. ఒకసారి తుడిచారు, చాలక రెండోసారి కూడా తుడిచారు. జాడీ సంగతి చెప్పేసరికి పూర్తిగా పక్కన పెట్టేశారు.

"ముప్పై మంది మూడు నెలలు వేళ్ళు గుచ్చించుకున్నారు ఝాన్సీ. రేపు వెళ్ళి నువ్వు చేసింది చెప్పు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామా అని అడుగు. వాళ్ళు కాదంటే ఈ పరిశోధన ఆగిపోతుంది. నీ ఉద్యోగం కూడా."

ఉద్యోగం మాట కంటే ఆ వేళ్ళ మాటకే నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు అదే అరుగు. వీధంతా కూర్చుంది. డిగ్రీ, ఐడీ కార్డు అన్నీ పక్కనపెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. మార్తమ్మగారు అంతా విని అడిగారు.

"నాకు షుగరు బాగా తగ్గిందన్నావు. అది గింజల వల్లా, తవుడు వల్లా?"

"తెలియదండీ. ఇక ఎప్పటికీ తెలియదు. తప్పు నాది."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"పిచ్చిదానా, నాకు తెలుసులే దేనివల్లో. వారం వారం నా షుగరెంతో ఊరందరికీ వినపడేట్టు చదువుతావాయె! కోటేశ్వరమ్మకి నాకంటే తక్కువొస్తే నేను తలెత్తుకోగలనా? రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నా. పొద్దున్నే కాలవగట్టు మీద నడిచా."

"నువ్వూ నడిచావా? నేను నీకు కనపడకూడదని అవతలి గట్టున నడిచాను వదినా!" అన్నారు కోటేశ్వరమ్మగారు.

వీధి మొత్తం ఒప్పేసుకుంది. కొందరు వరన్నం మానేశారట, కొందరు టీలో పంచదార మానేశారట, అంతా ఒకళ్ళకొకళ్ళు తెలియకుండానే. రెండో విడతకి అందరూ సరేనన్నారు. "ఈసారి మాత్రం చెవిలో చెప్పు," అన్నారు మార్తమ్మగారు.

మేడమ్‌కి ఇదంతా చెప్పాను. మూడు నెలల్లో మొదటిసారి ఆవిడ నవ్వడం చూశాను.

"అయితే అసలు మందు నువ్వేనన్నమాట. నీ జీతం చూస్తే చవకైనదే. రసాయనాలేమీ కలవలేదు. ఒక్కటే ఇబ్బంది ఝాన్సీ, నిన్ను గొట్టాల్లో కూరలేం."

కాబట్టి మహాజనులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. రిజిస్టరుకెక్కకుండా ఏ మాత్రనీ గడప దాటించను. ఒకరి షుగరు ఇంకొకరి చెవిన పడనివ్వను. కృష్ణా జిల్లాలో ఏ ఇల్లాలి చేతికీ మూత ఉన్న గిన్నె ఇచ్చి, తిరిగివ్వమని అడగను గాక అడగను. ఇదేదో మాట వరసకి చేసిన ప్రమాణం కాదు. మేడమ్ నాచేత కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుని, నా ఎదురుగానే గోడకి అంటించారు.